ఒక బండి సైలెన్సరు మఱొక బండికి

బెల్లపు విపణికి పేరుగన్న అనకాపల్లి మీదుగా మదరాసు–కలకత్తా రాజమార్గము పోవుటచేత, శారదానదీ పరిసరమందలి యీ పట్టణమునకు మోటారుబండ్లతోడి సంబంధము నేటిది కాదు. పల్లెలనుండి బెల్లపు దిమ్మలు ఎడ్లబండ్లపై మండీలకు వచ్చి, లారీలపై దూరదేశములకు తరలుచుండిన దినములలోనే, ఆ లారీలకును షావుకార్ల కారులకును మరమ్మతు చేయువారు అవసరమైరి. వారి నేర్పులలో బండి క్రింద పడుకొని చేయునది గనుక చూపులకు ఆననిది ఒకటి కలదు: ఒక కారునుండి విప్పిన పాత సైలెన్సరును వేఱొక ఆకారముగల బండికి ఒదిగించుట.

ఇది లోభమున పుట్టిన విద్య యని కొందఱందురు. నేనట్లు తలంపను; దీనికి మూలము కొఱత. విదేశములనుండి విడిభాగములను తెప్పించి ఇచ్చట బిగించి అమ్ముచుండిన జనరల్ మోటార్సువారు, 1928లో బొంబాయియందు తెఱచిన కర్మాగారమును 1954లో మూసివేసిరి. ఫోర్డువారును ఇంచుమించు ఆ కాలముననే వెడలిపోయిరి. కారును దేశమున నిర్మింపబూనిన వారికే యిక తావని ప్రభుత్వము నిశ్చయించుట యిందులకు హేతువు. కంపెనీలు పోయెను గాని కారులు పోలేదు. ఉప్పుగాలి తగులు కోస్తాలో సైలెన్సరు రేకు తుప్పుపట్టి చిల్లులు పడుట ఎంతటి కారుకైనను తప్పనిది. అసలు సామాను దొరకనపుడు, మదరాసు పుదుపేటలోనో కలకత్తా మల్లిక్‌బజారులోనో గుట్టలుపడియున్న పాతసామానునందు గొట్టము కొలత కుదిరినదానిని ఏఱుకొనక గత్యంతరమేమి?

పిమ్మటి కాలమున రోడ్లనేలినవి అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు హెరాల్డు. 1961 మొదలు మదరాసున తయారైన హెరాల్డునకు ఛాసి వేఱు, బాడీ వేఱు. ఇంగ్లండున అదే ఛాసిపై సెలూను, ఎస్టేటు, సామాను వ్యాను కూడ వెలసెను. అట్టి బండిలో బాడీ మాఱినను సైలెన్సరు పెట్టె చోటు తప్పదు, తోకగొట్టమే చిక్కు. అంబాసిడరునకు ఈ సౌకర్యము లేదు. దాని యంత్రముతోనే హిందుస్థాన్ మోటార్సువారు ట్రెక్కరను జనుల బండిని తెచ్చినప్పుడు, యంత్రమొకటే గదా, కారు సైలెన్సరు పట్టదా యని యజమాని అడుగుట సహజము. పట్టును, కాని పట్టించవలెను.

యంత్రపు మానిఫోల్డునకు బిగించు ముందరిగొట్టము సాధారణముగా పేచీ పెట్టదు. వెనుక ఇరుసును దాటునపుడే కష్టమంతయు. అచ్చట వంపు కావలసినచో, బాగుగా ఎండిన ఏటియిసుకను గొట్టమునిండ దట్టించి, రెండుకొనలకును కొయ్యబిరడాలు కొట్టి, వంచవలసిన చోటును ఎఱ్ఱగా కాల్చి, మెల్లమెల్లగా వంచెదరు. ఇసుక లేనిచో గొట్టము లోనికి నొక్కుకొనిపోయి పొగదారి ఇఱుకగును. ఇసుక తడిసియున్నచో ఆవిరి పుట్టి బిరడా తుపాకిగుండువలె ఎగురును. వంపు కుదిరిన పిదప రెండుచోట్ల చుక్కవెల్డింగు పెట్టి, బండిలో నలుగురిని కూర్చుండబెట్టి, స్ప్రింగు క్రుంగినపుడు ఇరుసు గొట్టమునకు తగులునో లేదో చూచి, అటుపిమ్మటగాని పూర్తి వెల్డింగు చేయరు. వ్రేలాడగట్టుటకు పాతటైరునుండి కోసిన రబ్బరుపట్టీలే చాలును.

ఈ పరీక్ష చాదస్తము కాదు. ఉగాదికి ముందు కొత్త అమావాస్యనాడు అనకాపల్లి నూకాలమ్మ దర్శనమునకు జనమెక్కిన ట్రెక్కరులో నలుగురేమిటి, నిలుచున్నవారిని లెక్కించువారెవ్వరు? మఱియొక దోషము కలదు. చిన్నయంత్రపు గొట్టమును పెద్దయంత్రమునకు తగిలించినచో పొగ వెలుపలికి పోలేక వెనుకకు త్రొక్కును. బలము తగ్గి, వాల్వులు కాలును. దీనికి జడిసి సైలెన్సరు లోపలి జల్లెడగొట్టమునే ఊడబెఱికి, వీధియంతయు దద్దరిల్లునట్లు తిరుగు కుఱ్ఱవారిని చూచితిని; వారిది నేర్పు కాదు, తెగులు.

శాసనము ఈ పనిని అనుమానముతోనే చూచెను. 1989నాటి కేంద్ర మోటారువాహన నిబంధనలు పొగ క్రిందికి గాని ఎడమప్రక్కకు గాని పోరాదనియు, పొగగొట్టము ఇంధనపుగొట్టమునకు 35 మిల్లీమీటర్ల లోపున ఉండరాదనియు విధించినవి. ఎడమప్రక్క మనుష్యులు దిగుచోటు గనుక మొదటి కట్టడి యుక్తము. రెండవదానిని మంచి పనివాడు నిబంధన చదువకయే పాటించును. అయినను ఈ విద్యను కుంటుపఱచినది శాసనము కాదు, పొగను శుద్ధిచేయు కేటలిటిక్ కన్వర్టరు. 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలుకారులకు అది తప్పనిసరి యయ్యెను. క్రమముగా చిన్నపట్టణముల కారులకును వచ్చెను. తేనెపట్టువంటి పింగాణీదిమ్మను ఇమిడ్చుకొన్న ఆ పెట్టెను సుత్తిదెబ్బ పగులగొట్టును. పిదపటి బండ్లలో దానికి ముందువెనుకల అమర్చిన సెన్సారులు తేడాను పసిగట్టి అద్దముక్రింది దీపమును వెలిగించును. ఇప్పుడు పాతసామాను కొట్లలో దానిని కొనువాడు ఏ బండికి సరిపడునని అడుగుటకంటె, లోపల ప్లాటినము ఎంత మిగిలినదని అడుగుటయే యెక్కువ.