చీనీకంటే ముందు

ఈ మంటలో కాలుతాండేది చీనీ కట్టె, బయటోళ్ళు బత్తాయి అంటారే అదే, పిల్లల్లారా. మన తోటలోదే. ఎండు తెగులు తగిలి, కాయలు కొమ్మలకు ఏలాడుతుండంగానే చెట్టు నిలువునా మాడిపోయింది. వేరు కుళ్ళినాక పైన మందు కొట్టి ఏం లాభం? కొట్టేసి కట్టె చేసినాం.

ఇప్పుడు మన పులివెందుల పక్క లింగాల పోండి, సింహాద్రిపురం పోండి, యాడ చూసినా చీనీ తోటలే. దాంతో ఈ కాయ తాతముత్తాతల నాటిదని మీరనుకుంటారు. కాదు. నాకు ఊహ తెలిసేనాటికి మా ఊరి పొలాల్లో ఉండేది కొర్ర, సజ్జ, జొన్న, శెనక్కాయ. చీనీ తోట అనేదే లేదు. పులుపు కాయలు మాత్రం ఇంటింటా ఉండేవి. ముందు ఆ ముచ్చట చెప్పాల.

మా ఇంటెనక నీళ్ళు పోసుకునే బండ ఉండేది. ఆ నీళ్ళు పారే చోట దబ్బచెట్టు. దానికని ప్రత్యేకంగా ఒక్క చెంబు నీళ్ళు పోసినోళ్ళు లేరు. ఇంటిల్లిపాది స్నానం చేసిన నీళ్ళే దానికి చాలు. ఎండాకాలం వస్తే మా జేజి లేత దబ్బాకులు నలిపి మజ్జిగలో ఏసేది. ఇంత ఉప్పు, రవ్వంత అల్లం. ఆ వాసన తగిలితేనే పొలం నుంచి వచ్చినోళ్ళ అలుపు సగం తీరేది. కాయ పక్వానికొస్తే రసం పిండి పులిహోర కలిపేది. చింతపండు పులిహోర కడుపుకు బరువు. దబ్బ పులిహోర తేలిక. దాంట్లో నలుసంత చేదు ఉంటుంది, నన్నడిగితే ఆ చేదే దాని రుచి. మిగిలిన కాయల్ని చెక్కలు కోసి, ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, మళ్ళా ఆ ఊటలోనే ఏసి, కారం, మెంతిపిండి కలిపి జాడీకెత్తేది. కొత్తలో ఆ ఊరగాయ నోట పెట్టలేం. నెలలు గడిచేకొద్దీ తోలు మెత్తబడి చేదు ఇరిగేది. జరం తగ్గి లేచినోనికి నోరు చేదై సంగటి సయించకపోతే, ఆ జాడీ మూత తీసేవాళ్ళు.

పక్కింట్లో నారింజ చెట్టు. పండితే ఎర్రగా నిగనిగలాడేది. తీపి అనుకుని కొరికితే పళ్ళు పులిసిపోయేవి. అయినా వదిలేవాళ్ళం కాదు, తొనలొలిచి ఉప్పూకారం అద్దుకుని తినేది. బాయిగడ్డన గజనిమ్మ ఉండేది. దాని ముండ్లు గీరుకుని మోచేతులు నెత్తురు కారినా కాయ కోయకుండా దిగేవాళ్ళం కాదు.

మాదీఫలం మీలో ఎవరన్నా చూసినారా? చూసుండరు. గరుకు తోలు, పసుపు రంగు, కాయంతా తోలే. వేలు మందం తెల్లటి కండ, నడుమ పిసరంత పులుపు. మా జేజి ఆ కండను సన్నగా తరిగి పంచదార చల్లి ఇచ్చేది. కడుపుబ్బరానికి మంచిదని పెద్దోళ్ళు పైతోలును ఎండబెట్టి దాచుకునేవాళ్ళు. వినాయకుని పాత విగ్రహాల్లో చేతిలో ఉండే కాయ ఇదే. కొల్హాపురం మహాలక్ష్మమ్మ పట్టుకున్నదీ ఇదే. యూదులు తమ పర్ణశాలల పండగకు మచ్చలేని మాదీఫలం ఏరి ఏరి కొని, చేతబట్టుకుని ప్రార్థన చేస్తారు. ఈ జాతి కాయల్లో మధ్యధరా సముద్రం పక్కకు మొట్టమొదట చేరింది కూడా అదే. తీపి నారింజ ఆ దేశాలకు పోయింది శానా శతాబ్దాల తర్వాత.

మా పెద్ద మనవరాలు వ్యవసాయం చదివింది గదా, ఆ పాప చెప్పినప్పట్నుంచి నాకు ఈ చెట్ల మీద ఇంకా గౌరవం పెరిగింది. 2018లో శాస్త్రజ్ఞులు 60 రకాల జన్యువులు విప్పి చూసినారంట. ఈ జాతి మొత్తానికీ పుట్టిల్లు హిమాలయాల తూర్పు కొన కింద, అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని పడమటి యునాన్ కలిసే చోటు. దాదాపు 80 లక్షల ఏండ్ల కిందట ఆడినుంచే తలా ఒక దిక్కుకు పోయినాయి. మనం తినేవాటిలో శానా మటుకు మూడింటి సంతానం: పంపరపనస, కమలా జాతి, మాదీఫలం. పంపరపనసా కమలా కలిసిన వంశంలోవే నారింజ, చీనీ. మన చిన్న నిమ్మకాయకు తండ్రి మాదీఫలం. అంగట్లో పెద్దగా, పసుపుగా ఉండే సీమనిమ్మకు తల్లి నారింజ, తండ్రి మళ్ళా మాదీఫలమే. మా జేజి తరిగిచ్చిన ఆ కాయకు ఇంత వంశం ఉందని అప్పుడెవరికి తెలుసు!

ఇంక చీనీ మాట. మన తోటల్లో ఉండేది సాతుగుడి రకం. పాత ఉత్తరార్కాటు జిల్లాలో నారింజ తోటలకు పేరుబడిన సాత్‌గఢ్ ఊరి నుంచి దానికా పేరు. మరాఠీవాళ్ళ మొసంబి వేరే, కాయకు గాళ్ళుంటాయి, అడుగున చిన్న వలయముంటుంది. మనది నున్నగా గుండ్రంగా ఉంటుంది. మద్రాసు సర్కారు కోడూరు పక్కన అనంతరాజుపేటలో 1935లో పండ్ల పరిశోధనా కేంద్రం పెట్టింది. దక్షిణాది పండ్ల మీద పెద్ద పుస్తకం రాసిన కె.సి. నాయక్ ఆడ పనిచేసినాయనే. ఏ మొక్క మీద అంటు కడితే చీనీ బాగా నిలబడుతుందో అట్లాంటి చోట్లే ఏండ్ల తరబడి పరీక్ష చేసినారు. మా నాయన మొదటి తోటకు అంట్లు కోడూరు నర్సరీ నుంచే తెచ్చినాడు. గోనెపట్టాల్లో చుట్టి రైల్లో ముద్దనూరు దాకా, ఆడినుంచి ఎద్దులబండి. ఇరవై అడుగులకొక గుంత. బాయికి కపిల తోలి, పాదు పాదుకూ నీళ్ళు పారించినాం. కాపు చూసేదానికి అయిదో ఏడు దాకా ఆగాల్సొచ్చింది.

జమ్మలమడుగు పక్క నల్లరేగడి, ఆడ ఇది కుదరదు. నీళ్ళు నిలిస్తే చీనీ వేరు ఓర్చుకోదు. అందుకే ఆడ పత్తి, శనగ. నీళ్ళు ఇంకిపోయే ఎర్రనేల యాడుంటే ఆడికే ఈ చెట్టు వచ్చింది.

దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారిశాలకు పోతే బండ్ల నిండా చీనీ కాయలుంటాయి. అది సీజను పంట కాలం. పచ్చగా ఉంది, మాగలేదని కొత్తోళ్ళు వెనక్కి పెడ్తారు. రాత్రిళ్ళు బాగా చలి పడితేనే తోలు పసుపుకు తిరిగేది, మనకు అంత చలి యాడిది? లోపల పండే ఉంటుంది. చేతిలో పెట్టుకుని బరువు చూడండి, బరువుంటే రసముంటుంది. మంగు పట్టి గోధుమరంగు తిరిగిన కాయను కూడా పారేయొద్దండి. నల్లి గీరింది పైతోలునే. నేనైతే ఏరుకుని మంగుకాయలే తింటా. ఆ బండ్ల మీదనే ఇప్పుడు కిన్నో కూడా వస్తాంది. 1915లో కాలిఫోర్నియాలో రెండు కమలా రకాలు కలిపి పుట్టించినది, పంజాబులో స్థిరపడి మన దాకా వచ్చింది. రంగు బాగుంటుంది, రసమూ జాస్తి. తినండి, ఏం తప్పులేదు. చీనీ తీపిలో ఉండే చల్లదనం మాత్రం దాంట్లో లేదని నా మాట.

చీనీ మనకు కూడు పెట్టింది, పిల్లల్ని చదివించింది. కానీ దాని దాహం పెద్దది. కపిల పోయి ఆయిలింజను, ఆయిలింజను పోయి కరెంటు మోటారు, బాయిలెండినాక బోర్లు. కరువొచ్చిన ఏడు ట్యాంకర్లతో నీళ్ళు కొని చెట్టుకింతని పోసినాం. తోట నిలబడితే గైరు కాపుకు ధర వస్తుందని ఆశ. వాననాటి పూతను నిలబెట్టుకుంటే ఎండాకాలం కోతకొచ్చి ఆ కాయకు మంచి రేటు పలికేది. తీరా కోసినాక కొనేవాళ్ళు టన్నుకు ఇంతని సూటు, అంటే తరుగు, తీసేవాళ్ళు. నీళ్ళకు చేసిన అప్పు మనది, తూకంలో పోయే కాయా మనదే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు మండుతుంది. చిత్రావతి రిజర్వాయరులో నీళ్ళు నిలబడినాక మన పక్క కొంచెం ఊపిరాడింది. గండికోట రిజర్వాయరు నిండినందుకు సంతోషమే. కానీ 2020లో ఆ నీళ్ళ కింద తాళ్ల ప్రొద్దుటూరు పోయింది. ఇండ్లూ పెరళ్ళూ వదిలి లేచినోళ్ళను మరిచిపోగూడదు.

ఇంత తోట దేని మీద నిలబడిందో తెలుసా? చీనీ తన సొంత వేరు మీద లేదు. వెనక జంబేరి నిమ్మ మీద కట్టేవాళ్ళు, ఇప్పుడు బెట్టకు తట్టుకుంటుందని రంగపూరు నిమ్మ మీద కడ్తాండారు. ఈ రెండూ కమలా జాతికీ మాదీఫలానికీ పుట్టినవేనంట. పైన తీపి కాయ కాస్తాంది, కింద మట్టిలో తిప్పలు పడేది మాత్రం పెరట్లో మనం మరిచిపోయిన పులుపు వంశమే. అప్పుడప్పుడు అంటు కింద నుంచి ఆ నిమ్మ పిలక తలెత్తుతుంది. దాన్ని వెంటనే గిల్లేయాల, లేకుంటే పైచెట్టు బలమంతా అది లాక్కుంటుంది. అయినా గిల్లే ముందు ఆకు నలిపి వాసన చూడండి, చీనీ ఆకు వాసన కాదది.

మొన్న మా చెల్లెలి ఊర్లో ఒక ముసలమ్మ పెరట్లో ఇంకా దబ్బచెట్టు, మాదీఫలం చెట్టు ఉన్నాయంటే పోయి కాయలడిగి తెచ్చినా. గింజలు ఆరబెట్టకుండా, పచ్చివి పచ్చిగానే పూడ్చాల, ఎండితే సరిగ్గా మొలవవు. సంచుల్లో పెట్టినవి జానెడెత్తు లేసినాయి, కొళాయి తొట్టి పక్కన నీడలో పెట్టినా. అమ్మీ, మీ ప్రొద్దుటూరు ఇంట్లో బట్టలుతికే నీళ్ళు పోయే చోట కాకుండా, స్నానాల నీళ్ళు పోయే చోట ఒక్కటి పెట్టించు, సబ్బు పొడి నీళ్ళు దానికి పడవు. అబ్బీ, నువ్వు మాదీఫలం తీసుకుపో. రేపు పొద్దున బస్సెక్కే ముందే ఎత్తిపెట్టుకోండి.