నీటికాసులకు లేజర్ చికిత్స: తెలుగునేల మీద

నీటికాసులు, డాక్టర్ల మాటలో గ్లాకోమా, కంటి నరాన్ని కొద్దికొద్దిగా దెబ్బతీసే జబ్బు. కంటిలో ఊరే నీరు సరిగా బయటికి పోక ఒత్తిడి పెరగడం దీనికి ముఖ్య కారణం. శుక్లాలు తీయిస్తే చూపు తిరిగొస్తుంది. నీటికాసులతో పోయిన చూపు మాత్రం రాదు. అందుకే లేజర్‌తో సహా ఏ చికిత్సైనా మిగిలిన చూపును నిలబెట్టడానికే.

1857లో జర్మన్ వైద్యుడు గ్రేఫె కనుపాప చుట్టూ ఉండే రంగుపొరలో చిన్న ముక్క కోసి తీసి, ఉన్నట్టుండి ముంచుకొచ్చే నీటికాసులకు తొలి గట్టి వైద్యం చూపాడు. 1960లో లేజర్ పుట్టింది. 1980లలో యాగ్ లేజర్ వాడుకలోకి వచ్చాక అదే పని కత్తి లేకుండా మరింత సులువుగా చేయగలిగారు. ముందు చుక్కల మందుతో కనుపాపను చిన్నది చేస్తారు, తిమ్మిరి మందు వేసి కంటిమీద ఒక అద్దం ఆనిస్తారు. రంగుపొర పైభాగంలో పలుచనిచోట కొన్ని దెబ్బలు వేస్తారు. రంధ్రం పడగానే వెనకనున్న నీరు రంగుపొడితో కలిసి ముందుకు దూకుతుంది. కాస్త రక్తం చిమ్మితే అద్దాన్ని నొక్కి పట్టుకుంటారు, సాధారణంగా ఆగిపోతుంది. గంట తర్వాత ఒత్తిడి మళ్లీ చూడకుండా రోగిని పంపకూడదు, ఎందుకంటే అది తాత్కాలికంగా ఎగబాకవచ్చు. కొందరికి ఆ తర్వాత వెలుతురు గీతల్లా కనిపిస్తుంది.

తెలుగునాట ఈ జబ్బు లెక్క తేల్చింది హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌తో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. మన అనంతపురం అందులో లేదు. మనలాంటి కరవు నేలలో బతుకు ఎలా ఉంటుందో పోల్చి చూడాలంటే మహబూబ్‌నగరే దగ్గర. హైదరాబాద్‌లో నెమ్మదిగా ముదిరే రకం నీటికాసులు ఉన్నవారిలో పదింట తొమ్మిది మందికి పైగా తమకా జబ్బుందనే తెలియదు. నగరంలోనే అలా ఉంటే పల్లె సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే ఇరుకు మూల (రంగుపొర అంచున నీరు బయటికి పోయే చోటు సన్నబడటం) కనిపించిన ప్రతి కంటికీ రంధ్రం వేయాలా? వెల్లూరులో రవి థామస్ బృందం ఇలాంటి అనుమానితులు 50 మందిని ఐదేళ్ల తర్వాత చూస్తే 11 మందికి జబ్బు ముదిరింది, కానీ దీనివల్ల ఎవరి నరమూ దెబ్బతినలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 889 మందికి ఒక కంట లేజర్ వేసి, రెండో కన్ను వదిలేసి ఆరేళ్లు గమనించారు: వేసిన కళ్లలో 19, వేయనివాటిలో 36 చెడు వైపు తిరిగాయి. లేజర్ మేలే చేసింది. కానీ ముప్పే తక్కువ కనుక అందరికీ వేయమనడం సరికాదని ఆ పరిశోధకులే తేల్చారు.

నెమ్మదిగా ముదిరే రకానికి లేజర్ వేరు. 1979లో వైజ్, విట్టర్ ఆర్గాన్ లేజర్‌తో నీరు బయటికిపోయే జల్లెడ దారిని సుగమం చేశారు. 1990లలో మార్క్ లాటినా రూపొందించిన ఎస్ఎల్‌టీ అనే లేజర్ పద్ధతి రంగు కణాలనే తాకుతుంది, చుట్టుపక్కల కాల్చదు, అందుకే అవసరమైతే మళ్లీ చేయవచ్చు. బ్రిటన్‌లో 718 మందితో జరిగిన ‘లైట్’ అనే పరిశోధనలో, మొదట ఎస్ఎల్‌టీ చేసినవారిలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత చుక్కల మందు లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. టాంజానియాలో ఇలాంటి పరిశోధనలోనే ఏడాది తర్వాత ఈ లేజర్‌తో 61 శాతం కళ్లు, టిమొలాల్ చుక్కలతో 31 శాతం కళ్లు నిలదొక్కుకున్నాయి. ప్రతినెలా మందు కొనలేని మన రైతు కూలీకి ఈ రెండో లెక్కే దారి చూపుతుందని నా నమ్మకం.

పుట్టుకతో వచ్చే నీటికాసులకు లేజర్ చాలదు, ఆపరేషనే కావాలి. ఈ రకం ముప్పును పెంచే మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతాల్లో ఇది గుర్తుంచుకోవడం ముఖ్యం. ఆ పిల్లల శస్త్రచికిత్సకు ఎల్.వి.ప్రసాద్ ఆస్పత్రి వైద్యుడు అనిల్ కుమార్ మండల్‌కు 2003లో భట్నాగర్ పురస్కారం దక్కింది.

చికిత్సకు మన వైపు వాళ్లు లేపాక్షి నుంచి హిందూపురం చేరితే, అక్కడి నుంచి మింటో కంటి ఆస్పత్రి ఉన్న బెంగళూరుకు రైలుంది. పుట్టపర్తిలో 1991లో తెరిచిన సత్యసాయి ఉచిత ఆస్పత్రిలోనూ కంటి విభాగం ఉంది. లేజర్ చేయించుకున్నవారు కూడా ఏటా ఒత్తిడి చూపించుకోవాల్సిందే, దాని ప్రభావం కొన్నేళ్లకు తగ్గిపోవచ్చు.