బుట్టలో వేసవి

రోహిణి కార్తెలో మొగల్తూరు గాలి ఒంటికి జిగటగా అంటుకుంటుంది. పేరుపాలెం సముద్రం దగ్గర్లోనే ఉన్నా ఆ ఉక్క తగ్గదు. కాలువలు కట్టేసి ఉంటాయి, వరిచేలు బీటలు వారి ఉంటాయి. ఒకప్పుడు ఆ ఎండల్లోనే ఈ గోదావరి డెల్టా ఊళ్ళకు పాములోళ్ళు వచ్చేవాళ్ళు. వెదురుబుట్టలు, సొరబుర్రతో చేసిన నాగస్వరం, వెనకాల పిల్లల గుంపు. ఆ బతుకు ఎలా కూలిపోయిందో చెప్పాలంటే ముందు బుట్ట సంగతి చెప్పాలి.

పాముకు చెమట పట్టదు. దాని ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది. చేలో తిరిగే తాచు ఎండ ముదిరితే ఎలక బొరియలోకో చెదపుట్టలోకో దిగుతుంది. లోతుకు పోయేకొద్దీ మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది. పొద్దు వాలాక పైకొస్తుంది. 30 డిగ్రీల చుట్టుపక్కల దాని ఒళ్ళు కుదురుగా ఉంటుంది. 40 దాటిన వేడిలో తప్పించుకునే దారి లేకపోతే ప్రాణం నిలవదు. బుట్టలో పడ్డ పాముకు దిగడానికి లోతేదీ? పుట్ట ఇచ్చే నీడ, చెమ్మ, గాలి అన్నీ మోసేవాడే ఇవ్వాలి. ఎండెక్కకముందే ఆట ముగించాలి, బుట్టను చెట్టుకింద దించాలి, గాలాడేలా తడిగుడ్డ కప్పాలి, మూకుట్లో నీళ్ళు పెట్టాలి. కానీ జనం చేరేది నడిబజారులో. బియ్యం గింజలు రాలాలంటే బుట్ట అక్కడే తెరవాలి. పాము ప్రాణానికీ మనిషి ఆకలికీ మధ్య పోటీ మొదలైంది అక్కడే.

ఆ పోటీలో పాముకు జరిగిన హింసను దాచకూడదు. కోరలు పీకారు. కొందరు నోరు కుట్టారు. పుండు పడిన నోటితో అది తిండి తినలేదు, చెమ్మ చాలక కుబుసమూ సరిగా విడవలేదు. దప్పికతో అల్లాడే పాము ఎదుట ఏది పోసినా తాగుతుంది. దానికి అరగని పాలు పోసి, తాగిందని మనం చేతులు జోడించాం. ఆ పాపంలో చూసినవాళ్ళకూ వాటా ఉంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పామును పట్టడం, బుట్టలో ఉంచడం నేరమైంది. చట్టం ఊరి దారుల దాకా రావడానికి ఏళ్ళు పట్టినా, వచ్చాక నాగస్వరం ఆగిపోయింది. తాతల నుంచి వచ్చిన విద్య కొడుకు చేతిలో నేరంగా మారింది. ఏ జాడ ఏ పాముదో, ఏ బొరియలో ఏది ఉందో చెప్పగల మనుషులు పేరూ ఊరూ లేని కూలీలైపోయారు.

అదే చట్టం తమిళనాట పాములు పట్టి బతికే ఇరుల తెగనూ దెబ్బకొట్టింది. పాముచర్మాల వ్యాపారం మూతపడి వాళ్ళూ వీధినపడ్డారు. కానీ 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో వాళ్ళకు సహకార సంఘం ఏర్పడింది. అక్కడ పాములను నీడపట్టున, మట్టికుండల్లో, మూతికి పలచని గుడ్డ కట్టి ఉంచుతారు. కుండ చల్లగా ఉంటుంది, గుడ్డలోంచి గాలాడుతుంది. కొన్ని వారాల పాటు విషం తీసి, పామును మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరుల పాములవాళ్ళకు పద్మశ్రీ దక్కింది.

గోదావరి చేలల్లో నాట్లు వేసే చేతులను, కోతలు కోసే కాళ్ళను కాపాడేదీ ఆ మందే. పుట్టలు చదునై చెరువులైన ఈ డెల్టాలో పాములను ఎరిగిన మనిషి అవసరం ఇప్పటికీ తీరలేదు. బుట్ట పోవాల్సిందే, చట్టం చేసింది న్యాయమే. ఆ బుట్ట మోసినవాడి చేతికి ఒక మట్టికుండ ఇవ్వడం మాత్రం మనవాళ్ళెవరికీ తోచలేదు. పామును విడిపించి మనిషిని వదిలేశాం. పాములోళ్ళు పడిపోయింది అందుకే, ఆ బాకీ మనమీదే ఉంది.