పేటల పేర్లు – బందరు నివాసచరిత్ర: మచిలీపట్నం పేటల నామాలపై ఒక పరిశీలన

కృష్ణానది దిగువ డెల్టాలో మచిలీపట్నానికి ఉన్నన్ని పేర్లు మరో పట్టణానికి లేవు. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’లో ఈ తీరం మసాలియాగా, టాలెమీ గ్రంథంలో మైసోలియాగా కనిపిస్తుంది. ఐరోపా వర్తకుల లెక్కల పుస్తకాల్లో మసూలిపటం, ప్రభుత్వ పత్రాల్లో మచిలీపట్నం, జనం నోట బందరు. పారశీకంలో ‘బందర్’ అంటే రేవు. ఓడలు రావడం మానిన తర్వాత కూడా ఊరిని రేవు అనే పిలవడంలో వింతేమీ లేదు. వాడుకలో సామాన్యనామం విశేషనామంగా స్థిరపడిన తర్వాత అర్థంతో దానికి పని ఉండదు. ఈ వ్యాసానికి విషయం ఊరి పేరు కాదు, ఊరి లోపలి పేటల పేర్లు. పట్టణచరిత్రకు ఆ పేర్లు ఎంతవరకు ఆధారాలు కాగలవు, ఎక్కడ కాలేవు అన్నదే ఇక్కడి ప్రశ్న.

బందరు గురించి రాసిన స్థానిక చరిత్రల్లో ఒక సరళమైన అవగాహన తరచుగా కనిపిస్తుంది. ఇంగ్లీషుపాలెంలో ఇంగ్లీషువారు, వలందపాలెంలో డచ్చివారు, పరాసుపేటలో ఫ్రెంచివారు, ఖాలేఖాన్‌పేటలో మహమ్మదీయులు నివసించారనీ, పేర్లను వరుసగా పేర్చుకుంటే పదిహేడో శతాబ్దపు నగరపటం సిద్ధిస్తుందనీ దాని సారాంశం. ఈ అవగాహనలో కొంత నిజం ఉంది. అయితే పేట పేరు అక్కడ ఎవరున్నారో చెప్పడం కంటే, ఆ నేలమీద హక్కు ఎవరికి దక్కిందో, అంగడి ఎవరి పేరున వెలసిందో ఎక్కువగా చెపుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాను గుర్తించకపోతే నివాసచరిత్ర దారి తప్పుతుంది.

ముందుగా పదాల నిర్మాణాన్ని చూడాలి. చిలకలపూడి, ఈడేపల్లి, మాచవరం, ఇనగుదురు అన్నవి డెల్టాలో ఎక్కడైనా వినిపించే గ్రామనామాలు. పూడి, పల్లి, గుదురు అన్న ఉత్తరపదాలు రేవు వైభవానికి ముందున్న పల్లెలను సూచిస్తాయి. వీటిలో ఇనగుదురు నేడు ‘ఇనగుదురుపేట’గా కూడా వ్యవహారంలో ఉంది. గ్రామనామం మీద మళ్లీ ‘పేట’ చేరడం అంటే, పల్లె పట్టణంలో కలిసి అంగడివీథిగా మారిన క్రమం పదంలోనే నిలిచిపోవడం. ఖాలేఖాన్‌పేట, ముస్తాఖాన్‌పేట వంటివి రెండో పొర. వ్యక్తినామానికి పేట చేర్చడం కుతుబ్‌షాహీల కాలంలోనూ ఆ తర్వాతి నవాబుల కాలంలోనూ అధికారులు అనుసరించిన పద్ధతి. సుకర్లాబాదలో ‘ఆబాద్’ స్పష్టంగా ఉంది. పూర్వపదం శుక్రుల్లా అన్న పేరుకు వికారం కావచ్చు. మూడో పొర ఐరోపావారిది. బచ్చుపేట, బలరామునిపేట, జగన్నాథపురం వంటి పేర్లలో వర్తక కుటుంబాలూ దేవతలూ కనిపిస్తారు. చివరగా వచ్చిన నగర్లు, కాలనీలు ఇరవయ్యో శతాబ్దివి. వాటికి వివరణ అక్కర లేదు.

కాకతీయుల కాలంలో ఈ తీరంలో ప్రధానమైన రేవు మోటుపల్లి. గణపతిదేవుని అభయశాసనం అక్కడిదే. మచిలీపట్నం గోలకొండ రాజ్యపు రేవుగా ఎదిగింది పదహారో శతాబ్ది ఉత్తరార్ధంలో. పెగూ, అరకాన్, తెనాసెరిం, అచే రేవులకు ఒకవైపు, పర్షియా సింధుశాఖకు మరొకవైపు ఇక్కడి ఓడలు నడిచేవి. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు, రాజోద్యోగులు ఈ రేవులోనే దిగి గోలకొండకు వెళ్లేవారు. తర్వాతి కాలంలో మొగలు సామ్రాజ్యంలో ప్రముఖుడైన మీర్ జుమ్లా 1630లలో ఈ రేవుకు హవల్దారుగా పనిచేశాడు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ కోఠీలు తెరిచారు. ఫ్రెంచివారికి ఫర్మానా సంపాదించి పెట్టినవాడు మార్కరా అనే ఆర్మీనియను. అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇంగ్లీషువారికి ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ప్రసిద్ధమే.

ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. బందరు చరిత్రలో ఆర్మీనియనులకు స్థానం ఉంది. పోర్చుగీసువారికి తెలుగులో ‘బుడతకీచులు’ అన్న సొంత మాటే ఉంది. పారశీకుల సంగతి చెప్పనే అక్కర లేదు, ఊరి పేరే వారి భాష నుంచి వచ్చింది. అయినా నేడు ప్రసిద్ధంగా వ్యవహారంలో ఉన్న పేటల పేర్లలో ఆర్మీనియనుల పేట గాని, బుడతకీచుల పాలెం గాని వినిపించవు. జాతినామంతో నిలిచినవి వలంద, ఇంగ్లీషు, పరాసు మూడే. ఈ మూడూ ఫర్మానాల ద్వారా కోఠీ హక్కు పొందిన కంపెనీల జాతులు. సొంతంగా వ్యాపారం చేసుకొన్న వారు ఎంతమంది ఉన్నా, ఎంత సంపన్నులైనా, స్థలనామం వారికి దక్కలేదు. పేట పేరు జనసంఖ్యను కాక హక్కును నమోదు చేస్తుందనడానికి ఇది బలమైన సాక్ష్యం.

‘వలంద’ హాలండుకు తెలుగు రూపం. ‘పరాసు’ ఫ్రెంచివారికి తెలుగులో నిలిచిన పాత పేరు. పరాసు అన్నది పారశీకమే అయి ఉండవచ్చునన్న సందేహం కొందరికి కలగడం సహజం. బందరులో పారశీకులకున్న ప్రాముఖ్యం ఆ సందేహానికి ఊతమిస్తుంది. కాని పదునెనిమిదో శతాబ్దపు తెలుగు వ్యవహారంలో పరాసులంటే ఫ్రెంచివారే. 1750లో ఫ్రెంచివారు బందరును ఆక్రమించి 1759 దాకా ఏలిన చరిత్ర కూడా దీనికే అనుకూలం. పైగా ఊళ్లో పరాసుపేటతో పాటు ఫ్రెంచిపేట కూడా ఉండడం ఆసక్తికరం. ఒకే జాతికి రెండు పేర్లు రెండు దారుల్లో వచ్చాయి. ‘పరాసు’ వినికిడి ద్వారా జనవ్యవహారంలోకి వచ్చిన మాట. ‘ఫ్రెంచి’ ఇంగ్లీషు పాలనాభాష ద్వారా కాగితాల మీదికి వచ్చిన మాట. రెండో పేరు వెనుక ఒక రాజకీయ వాస్తవం ఉంది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను పట్టుకొన్న తర్వాత కూడా, ‘లోజి’ అనే చిన్న భూఖండం మీద ఫ్రెంచివారి హక్కు చెల్లుతూనే వచ్చింది. 1947 అక్టోబరులో మాత్రమే అది భారతదేశానికి దఖలు పడింది. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటికి బందరులో ఒక ముక్క ఇంకా ఫ్రెంచి నేల. దాని మీద నివసించినవారు మాత్రం తెలుగువారే. పేరును బట్టి నివాసులను ఊహించడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర లేదు. డచ్చివారి సంగతి వేరు. 1824 నాటి ఆంగ్ల–డచ్చి సంధితో వారి హక్కులు ముగిశాయి. వారి తరఫున మిగిలినవి పురావస్తుశాఖ రక్షణలో ఉన్న సమాధులూ, వలందపాలెం అన్న పేరూ.

రాబర్ట్‌సన్‌పేట కథ వీటన్నిటికంటే వివరంగా తెలుసుకోదగినది. పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్‌సన్ ఒక కొత్త అంగడిపేటను నిర్మించి దానికి తన పేరు పెట్టాడు. పేట మధ్య చౌకును అలంకరించడానికి అమరావతి స్తూపం నుంచి ముప్పైకి పైగా శిల్పఫలకాలను తెప్పించి నిలబెట్టాడు. కర్నల్ మెకంజీ 1797లో మొదటిసారి చూసి, 1816 తర్వాత చిత్రాలు గీయించిన శిల్పాలలోవే ఇవి. ఆనాటికి అమరావతి రాళ్లను ఎవరికి వారు తరలించుకొని పోతున్నారు. ఒక కలెక్టరు వాటిని సంతచౌకులో నిలబెట్టడం ఈనాటి దృష్టికి విడ్డూరంగా తోస్తుంది. కాని పేట కట్టించినవాడు తన పేరు పెట్టడం, పేటకు నడుమ గౌరవసూచకంగా ఏదో ఒకటి నిలపడం ఈ దేశపు పాలకుల పాత ఆచారమే. దొర దానిని తనకు తెలిసిన పద్ధతిలో ఆచరించాడు. 1830ల నడుమ మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడం ఇక్కడికి వచ్చి వాటిని చూసి మద్రాసుకు తరలించదగినవని తలచాడు. ఆయన వెంట వచ్చిన వైద్యుడు బెంజా వాటిని వర్ణించి మద్రాసు సాహిత్య–విజ్ఞాన పత్రికలో ప్రకటించాడు. తరలింపు వెంటనే జరగలేదు. కొన్ని ఫలకాలు రేవు అధికారి తోటలో చాలాకాలం ఉండి, 1850ల నడుమ గాని మద్రాసు మ్యూజియంకు చేరలేదు. బందరు అంగడిలో బేరసారాల మధ్య బౌద్ధశిల్పాలు నిలిచిన ఆ కొద్ది దశాబ్దాల జ్ఞాపకం ఊళ్లో లేదు. పేట పేరు మాత్రం ఉంది. అక్కడ ఐరోపావారు స్థిరంగా నివసించిన సందర్భమూ లేదు. అది మొదటినుంచీ వర్తకుల పేటే.

పదిహేడో శతాబ్దపు యాత్రికుల సాక్ష్యాన్ని ఈ నేపథ్యంలోనే చదవాలి. 1618–22 నడుమ ఇక్కడ ఇంగ్లీషు కోఠీకి పెద్దగా ఉన్న మెథ్వోల్డ్, ఊరికి ప్రాకారం లేదనీ ఇళ్లు బాగా కట్టినవి కావనీ రాశాడు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇళ్లు కొయ్యవని చెప్పి, ఓడలు నిలవడానికి బంగాళాఖాతంలో ఇంతటి చోటు లేదని మెచ్చాడు. రేవుకూ ఊరికీ నడుమ చిత్తడి, దాని మీద పొడవైన చెక్క వంతెన. ఇటువంటి ఊరిలో ఒక వీథి రూపం నూరేళ్లు నిలవదు. నిప్పుకు, ఉప్పెనకు, చెదకు ఇళ్లు పోతూనే ఉంటాయి. అందువల్ల నేటి వీథుల అమరికను చూసి కుతుబ్‌షాహీ నగరాన్ని పునర్నిర్మించే ప్రయత్నం నిలవదు.

ఆ ప్రయత్నానికి మరింత పెద్ద అడ్డంకి 1864. ఆ సంవత్సరం నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ కలిపి 30,000 మంది చనిపోయారని నాటి ప్రభుత్వ లెక్క. ఆ తర్వాత కోటలోని సైనికదళాన్ని ఎత్తివేశారు. 1901 జనగణన నాటికి పట్టణ జనాభా 39,507 మాత్రమే. ఉప్పెన ఒక్కటే క్షీణతకు కారణమనడం సరికాదు. రేవు అప్పటికే మేట వేసింది, ఓడలు తీరానికి మైళ్ల దూరంలో ఆగేవి, నేతబట్టల ఎగుమతిని ఇంగ్లండు మరబట్ట దెబ్బతీసింది. కాని నివాసచరిత్రకు సంబంధించినంతవరకు 1864 ఒక తెగిన దారం. ఆ తర్వాత పేటల్లో స్థిరపడినవారిలో అధికులు డెల్టా గ్రామాల నుంచి కొత్తగా వచ్చినవారని భావించడమే సమంజసం. పేర్లు పాతవి, కుటుంబాలు కొత్తవి.

ఈ కొత్త జనాన్ని తెచ్చినది నీరు. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టతో డెల్టా వరిమాగాణి అయింది. బందరు కాలువ మీద పడవలు నడిచాయి. సంపద రేవులో కాక పొలంలో పుట్టడం మొదలైంది. 1859లో బందరు, గుంటూరు జిల్లాలు కలిసి కృష్ణా జిల్లాగా ఏర్పడి, బందరు దానికి ముఖ్యపట్టణమైంది. ఓడల ఊరు కచేరీల ఊరుగా, వకీళ్ల ఊరుగా, బడుల ఊరుగా మారింది. నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల కళాశాలగా ఎదగడం, 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు – ఇవన్నీ ఆ కొత్త బందరు సంతానమే. వీటిని రేవు వైభవపు కొనసాగింపుగా వర్ణించడం అలవాటైంది గాని, వీటి పెట్టుబడి, పాఠకులు, విద్యార్థులు వరిపొలాల నుంచి వచ్చారు. రైలు వచ్చిన తర్వాత గుడివాడ కూడలిగా మారి, ధాన్యం వ్యాపారంలోనూ బియ్యపు మిల్లుల్లోనూ బందరును దాటిపోయింది. గుడివాడలో బౌద్ధస్తూపపు దిబ్బ ఉన్నా, ఆ పట్టణపు నేటి రూపం పూర్తిగా రైలూ బియ్యమూ చేసినదే. అక్కడ పరదేశీయుల పేర్లతో పేటలు లేకపోవడం అందుకే.

వృత్తుల పొర కూడా పేర్లతో సరిపోలదు. చిరివేరు ఎరుపుతో పర్షియా ఇష్టాలకు తగ్గట్టు సాగిన అద్దకం పని ఒకప్పుడు ఊరికి ప్రాణం. నేడు ‘మచిలీపట్నం కలంకారీ’ అన్న పేరుతో వచ్చే బట్టలో అధికభాగం పెడనలో తయారవుతుంది. చిలకలపూడి అన్నది పల్లెపేరే అయినా, తెలుగువారికి దాని అర్థం గిల్టు నగలు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన మిఠాయి విద్య బందరు లడ్డుగా ప్రసిద్ధమైంది, వారి పేరున పేట ఏర్పడిందో లేదో ఎవరూ పట్టించుకోలేదు. గిలకలదిండిలో పల్లెకారుల పడవలు మాత్రం కంపెనీలు రాకముందూ ఉన్నాయి, పోయిన తర్వాతా ఉన్నాయి. బందరు బహుజాతి నగరమన్న వర్ణనల్లో వారికి దొరికే చోటు చాలా తక్కువ.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతుల సంఖ్య 10,000 దాటింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకొని పోయాయి. పునర్నివాసంలో భాగంగా దాతల పేర్లతో, సంస్థల పేర్లతో కాలనీలు వెలిశాయి. ఫర్మానా స్థానంలో విరాళం వచ్చిందన్న మాటే గాని, ఇచ్చినవారి పేరు నేలకు దక్కే పద్ధతి మారలేదు. ఉన్నవారి కులం గాని, వదిలి వచ్చిన పల్లె గాని చాలా కాలనీల పేర్లలో కనిపించవు. 1864 తర్వాత బందరు పేటల్లో ఏమి జరిగి ఉంటుందో ఊహించడానికి దివిసీమ అనుభవం దగ్గరి పోలిక.

ఇప్పుడు మూడో మార్పు నడుస్తున్నది. 1866లో ఏర్పడిన పురపాలక సంఘం 2015లో నగరపాలక సంస్థ అయింది. 2022లో జిల్లాల విభజనతో బందరు చిన్నదైన కృష్ణా జిల్లాకు కేంద్రంగా మిగిలింది. 2023 మేలో మంగినపూడి వైపు కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. వార్డులకు అంకెలు వచ్చాయి, చిరునామాల్లో పేటల స్థానంలో కూడళ్ల పేర్లు వాడుకలోకి వస్తున్నాయి. పేటల సరిహద్దులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పగల వృద్ధుల సంఖ్య తగ్గుతున్నది. ఈ సరిహద్దులకు మిగిలిన లిఖిత ఆధారం మునిసిపల్ ఇంటిపన్ను పుస్తకాలూ, రిజిస్ట్రారు కచేరీలోని దస్తావేజుల చెక్కుబందీలూ. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానా పేట బాట అని రాసే ఆ చెక్కుబందీల్లో పేట పేరూ, అందులో నిజంగా ఉన్నవారి పేర్లూ ఒకే పుటలో కనిపిస్తాయి. పరాసుపేట, వలందపాలెం, ఖాలేఖాన్‌పేట మూడింటికైనా 1864 తర్వాతి దస్తావేజులను వరుసగా చదివితే, పై ప్రతిపాదన నిలుస్తుందో లేదో తేలుతుంది.