కోఠీ రెసిడెన్సీ

పరప్రభుత్వము నాటి కట్టడములను జూచునప్పుడు మనవారు రెండు తెగలుగా జీలిపోవుదురు. కొందరు స్తంభముల యెత్తును, గోడల మందమును జూచి "ఎంతటి ఘనులు!" అని మురిసిపోవుదురు. మరికొందరు "ఇవి మన దాస్యమునకు గురుతులు, కూలిన గూలనిండు" అని మొగము త్రిప్పుకొందురు. మొదటివారు రాతిని జూతురు గాని చరిత్రను జూడరు. రెండవవారు చరిత్రను జూతురు గాని, యది కట్టినవారితోనే ముగిసిపోలేదని గమనింపరు.

బుద్వేలున నివసించు మా మిత్రులొకరు రెండవ తెగవారు. హిమాయతుసాగరమునకు సమీపముననున్న యీ గ్రామము నేడు హైదరాబాదు నగరములో గలిసిపోయినది. నిన్నమొన్నటి పొలములలో శంషాబాదు విమానాశ్రయపు దారులును, ఎత్తైన మేడలును వెలయుచున్నవి. ఇటీవల నొక దినమున వారితో గలసి పాత కట్టడములను జూడ బయలుదేరితిమి. బుద్వేలు స్టేషనులో బండికై వేచియుండగా వారు నవ్వుచు, "మా పొలములు పోయి యీ మేడలు వచ్చినవి. నూరేండ్లకు మీవంటి వారెవరో వచ్చి వీనిని గూడ మెచ్చుకొందురు కాబోలు" అనిరి. ఆ మాటకు తగిన యుత్తరము మాకప్పుడు తోచలేదు.

ఫలక్‌నుమా, యాకుత్‌పురాలు దాటి మలక్‌పేటలో దిగి, ముందుగా మూసారాంబాగునకు బోయితిమి. అచ్చట నొక దిబ్బపై ఫ్రెంచి సేనాని రేమాను సమాధి కలదు. ఇతడు 1755లో ఫ్రాన్సుదేశమున బుట్టి, నిజాము కొలువున జేరి, పదునాలుగువేలకు మించిన సైన్యమును తీర్చి, 1798 మార్చి 25వ తేదీన మరణించెను. నల్లరాతి శూలస్తంభముపై నతని పేరిట పొడి యక్షరములు రెండు చెక్కబడియున్నవి. మహమ్మదీయు లతనిని మూసా రహీమనియు, హిందువులు మూసా రామనియు బిలుచుకొనిరి. ఆ పేరే యా పేటకు నిలిచినది. సమాధిచెంత నుండిన మండపము 2001లో వానలకు గూలిపోగా మరల గట్టబడినది.

రేమాను మరణించిన యైదు నెలలకే, 1798 సెప్టెంబరు 1వ తేదీన, నిజాము ఇంగ్లీషువారితో సైన్యసహకార సంధి చేసికొనెను. అక్టోబరు 22వ తేదీన ఫ్రెంచి సేన రక్తపాతము లేకయే నిరాయుధమయ్యెను. నాటినుండి హైదరాబాదు సంస్థానపు మొగము కలకత్తా వైపునకు దిరిగినది. ఈ కార్యమును నడిపిన రెసిడెంటు జేమ్సు అకిలిస్ కర్కుపాట్రికు. అతడు కట్టించిన భవనమే మేము తరువాత జూడబోయినది.

చాదర్‌ఘాటు వంతెన మీదుగా మూసీ దాటి కోఠీ చేరితిమి. అనుమతి పొంది లోనికి బోగా, ఉత్తరపు వైపున నారు మహాస్తంభములును, మెట్ల కిరుప్రక్కల సింహములును గనబడినవి. మద్రాసు సైన్యపు ఇంజనీరు సామ్యూల్ రస్సెల్ దీనికి రూపకర్త. 1803 ప్రాంతమున పని యారంభమాయెను. కంపెనీ దర్పమును జాటుటకై కట్టిన యీ మేడకు స్థలము నిచ్చినది నిజాము, ఖర్చు పెట్టినదియు ప్రధానముగా నాయన ఖజానాయే.

ఈ స్థలమును గూర్చి మాల్కము వ్రాసియుంచిన కథ యొకటి కలదు. రెసిడెంటు పెద్ద కాగితముపై పటము గీయించి కొనిపోగా నిజాము అలీఖాను నిరాకరించెను. తన రాజ్యపటమంత పెద్దదిగా నుండుటచే నాయన బెదరెననియు, చిన్నచీటిపై గీయించి తెమ్మనియు మీరాలము నవ్వుచు జెప్పెను. అట్లు చేయగా వెంటనే యనుమతి దొరకెను. కథ వినోదముగనే యున్నది గాని, ఆ చిన్నచీటి మీదనే యొక రాజ్యము క్రమముగా గుదించుకొనిపోయినదని తలచినప్పుడు నవ్వు నిలువదు.

మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది మాత్రము ముందరి స్తంభములు కావు, వెనుకటి తోట. కర్కుపాట్రికు ఖైరున్నీసా యను నున్నతవంశపు కన్యను వివాహమాడెను. కలకత్తానుండి విచారణ వచ్చినను అతడామెను విడువలేదు. ఆమెకై భవనము వెనుక రంగమహలను నంతఃపురము కట్టించెను. ఘోషాలోనుండు నామె పురుషులు తిరుగు ముందరి భాగమునకు వచ్చి తన భర్త కట్టించుచున్న మేడను జూడజాలదు. అందుచే నా మేడకు ముమ్మూర్తులను బోలిన చిన్న నమూనాను తోటలో గట్టించి యిచ్చెనని ప్రతీతి. ఇంటి యజమానురాలు తన యింటిని బొమ్మరింటిగా మాత్రమే చూచినది!

అటుపై జరిగినది మరింత విషాదము. 1805లో నాలుగేండ్ల కొడుకును, మూడేండ్ల కూతురును ఇంగ్లండునకు బంపబడిరి. ఆ యేటనే అక్టోబరు 15వ తేదీన కర్కుపాట్రికు కలకత్తాలో మరణించెను. మేడ పూర్తియగుట నతడు చూడలేదు. ఖైరున్నీసా తన బిడ్డలను మరల జూడకయే 1813లో గన్నుమూసినది. కూతురు కిట్టీ సుమారు నలువదేండ్ల ప్రాయమున హైదరాబాదులోనున్న తన యమ్మమ్మతో నుత్తరముల మూలమున మాటలాడుకొనగలిగినది. 1860లో రంగమహలు నీతికి గళంకమని నేలమట్టము చేయబడెను. స్త్రీని దాచిపెట్టినది మన యాచారము. ఆమె జ్ఞాపకమును సయితము చెరిపివేసినది వారి గర్వము. ఈ రెండింటిలో నేది తక్కువ దోషము?

ఈ గోడలు మరియొక చరిత్రను గూడ నెరుగును. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున రొహిల్లాలు రెసిడెన్సీపై దాడి వెడలిరి. ఫిరంగుల యెదుట వారు నిలువలేకపోయిరి. ద్వీపాంతరవాస శిక్ష పడిన తుర్రేబాజుఖాను చెర దప్పించుకొని, 1859 జనవరిలో తూప్రాను సమీపమున గాల్చి చంపబడెను. మౌల్వీ యండమానులకు బంపబడి యచ్చటనే మరణించెను. "చూచితిరా, ఈ మేడ నిలుచుటకు వారు కూలవలసి వచ్చినది" అని మా మిత్రులనిరి. అది కాదనరాని మాట.

కాని యంతలో గంట మ్రోగినది. పుస్తకములు చేతబట్టిన బాలికలు గుంపులుగా మా ప్రక్కనుండి నవ్వుకొనుచు బోయిరి. 1924లో స్థాపింపబడిన ఉస్మానియా స్త్రీల కళాశాల 1949లో ఈ భవనమునకు వచ్చినది. రెసిడెంటు దర్బారు దీర్చిన చోట తెలంగాణపు పల్లెపిల్లలు పాఠములు వినిరి, పరీక్షలు వ్రాసిరి. శిథిలమగుచున్న భవనము చిరకాలపు మరమ్మతుల పిదప 2023లో మరల దెరువబడినది. 2022లో విశ్వవిద్యాలయమైన యీ సంస్థ నేడు చాకలి ఐలమ్మ పేరు వహించినది. పాలకుర్తికి జెందిన యా రజకస్త్రీ తాను సేద్యము చేయు భూమికొరకు 1940 ప్రాంతములలో విసునూరు దేశముఖును ధిక్కరించి నిలిచి గెలిచినది. రెసిడెంటులు దొరలకు దర్శనమిచ్చిన మేడకు దొరను ఎదిరించిన స్త్రీ పేరు వచ్చినది.

మా మిత్రులు చాలసేపు మాటలాడలేదు. పిదప, "అయినను ఈ బాలికలకు ఖైరున్నీసా సంగతి తెలియునా?" అని యడిగిరి. ప్రశ్న సరియైనది. కట్టడము నిలిచినంత మాత్రమున జ్ఞాపకము నిలువదు. ఎవరి ద్రవ్యముతో గట్టిరి, ఎవరిని మరుగుపరచిరి, ఎవరు దీని యెదుట బ్రాణము లర్పించిరి, ఎవరు నేడనుభవించుచున్నారు అను నాలుగు సంగతులను జెప్పువా రుండవలెను. అది ఉపాధ్యాయుల పని, తలిదండ్రుల పని. ఆ పని జరిగినచోట దాస్యచిహ్నము సయితము పాఠశాల యగును. జరుగనిచోట మన పూర్వుల కోటలు సయితము వట్టి రాళ్లే. బుద్వేలులో నేడు లేచుచున్న మేడలకును ఇదియే పరీక్ష. వాని యెత్తును గాక, వానిలో నెవరికి బ్రవేశము కలదో, వానికొరకు ఏ పొలము పోయినదో మన బిడ్డలు అడిగి తెలిసికొనవలెను.

చదువరులారా! కోఠీకి బోయినప్పుడు మీ కుమార్తెలను వెంటబెట్టుకొని పొండు. ముందుగా వెనుకటి తోటకు గొనిపోయి బొమ్మరింటి కథ చెప్పుడు. అటుపిమ్మట ముందరి మెట్లమీదుగా లోనికి నడిపింపుడు. ఆ నాలుగడుగుల దూరమును దాటుటకు మన స్త్రీజాతికి నూటయేబది యేండ్లు పట్టినది. మన యిండ్లలో, మన పల్లెలలో, ఇంకను బొమ్మరిండ్లతో దృప్తిపడుడని చెప్పబడుచున్న బాలిక లెందరో లెక్కించుకొనుట మనకు మిగిలియున్నది.