భాగం – 5 : చిన్న స్వరగుచ్ఛం నుంచి పరిసర సంగీతం – టేపు నుంచి టాబ్లెట్ వరకు

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పరిసర సంగీతం (ఆంబియెంట్ సంగీతం) ఎలా రూపుదిద్దుకుందో వివరించగలుగుతారు.
• ఒక చిన్న స్వరగుచ్ఛం నుంచి దీర్ఘమైన రచన పుట్టే పద్ధతిని లెక్కతో సహా చెప్పగలుగుతారు.
• టాబ్లెట్ రాకతో ఏది మారిందో, ఏది మారలేదో విశ్లేషించగలుగుతారు.

5.1 పరిచయం

ఒక టాబ్లెట్, ఒక జత హెడ్‌ఫోన్లు ఉంటే ఇవాళ ఒక విద్యార్థి నాలుగు స్వరాలతో అరగంట సాగే ఆర్కెస్ట్రా సంగీతాన్ని తయారు చేయగలడు. వయొలిన్లు, చెల్లోలు, ఫ్లూట్లు అన్నీ తెర మీదే ఉంటాయి. ఇది చూసినవారికి సాధారణంగా రెండు అభిప్రాయాలు కలుగుతాయి. ఒకటి, ఇదంతా టాబ్లెట్ చేసిన మాయ అని. రెండు, యంత్రమే వాయిస్తున్నప్పుడు ఇక స్వరకర్త చేసేదేమీ లేదని. చరిత్ర ఈ రెండింటినీ సమర్థించదు. ఈ పద్ధతి టాబ్లెట్ కంటే దశాబ్దాల ముందే ఉంది. టాబ్లెట్ మార్చింది పద్ధతిని కాదు. దానికయ్యే ఖర్చును, దానికి కావలసిన మనుషుల సంఖ్యను.

ముందుగా ఒక పదాన్ని స్పష్టం చేసుకుందాం. విన్న వెంటనే గుర్తుపట్టగలిగే అతి చిన్న స్వరగుచ్ఛాన్ని పాశ్చాత్య సంగీతంలో మోటిఫ్ అంటారు. 1808లో తొలిసారి ప్రదర్శితమైన బీథోవెన్ ఐదవ సింఫనీ నాలుగు స్వరాల మోటిఫ్‌తో మొదలవుతుంది. బీథోవెన్ దాన్ని పెంచి, మార్చి, ఒక గమ్యానికి చేరుస్తాడు. పరిసర సంగీతంలో మోటిఫ్‌కు గమ్యం ఉండదు. అది ఒకచోటే నిలిచి, వెలుతురు మారినట్లు మెల్లగా రంగు మారుతుంది.

5.2 పూర్వరంగం

వినడానికి కాక, చుట్టూ ఉండడానికి సంగీతం అన్న ఆలోచనకు ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీని ఆద్యుడిగా చెబుతారు. ఆయన 1917లో కొన్ని చిన్న రచనలు చేసి, వాటిని గదిలోని కుర్చీలు, బల్లల వంటి గృహోపకరణ సంగీతంగా పిలిచాడు. ప్రతిదీ ఒక చిన్న పదం మాత్రమే. దాన్ని ఎన్నిసార్లయినా తిరిగి వాయించవచ్చు. 1920లో పారిస్‌లో ఒక నాటక ప్రదర్శన విరామంలో డారియస్ మియోతో కలిసి ఇలాంటి సంగీతాన్ని వినిపించినప్పుడు, ప్రేక్షకులు మాటలు ఆపి శ్రద్ధగా వినడం మొదలుపెట్టారు. మాట్లాడుకోండి, తిరగండి అని సాటీయే వారిని బతిమాలవలసి వచ్చింది. కొత్త సంగీతానికి కొత్త శ్రోత ఇంకా తయారు కాలేదని ఈ ఘటన తెలుపుతుంది.

రెండవ మెట్టు అమెరికాలో కనిపిస్తుంది. 1964లో టెరీ రైలీ రాసిన ‘ఇన్ సి’ రచనలో 53 చిన్న స్వరపదాలు మాత్రమే ఉన్నాయి. ప్రతి వాద్యకారుడు ఒక్కో పదాన్ని తనకు తోచినన్నిసార్లు వాయించి తరువాతి దానికి వెళతాడు. అందువల్ల ఏ రెండు ప్రదర్శనలూ ఒకేలా ఉండవు. ఈ రైలీయే 1970 నుంచి హిందూస్థానీ గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ వద్ద శిష్యరికం చేశాడు. 1965లో స్టీవ్ రైక్ ఒకే మాట ఉన్న రెండు టేపులను కలిపి నడిపాడు. అవి క్రమంగా ఒకదాని నుంచి మరొకటి జరుగుతూ పోతుంటే కొత్త లయలు పుట్టాయి. పదం మారకపోయినా, పదాల మధ్య దూరం మారితే వినికిడి మారుతుందని ఇక్కడ రుజువైంది.

5.3 బ్రయన్ ఈనో : 1975 – 1978

ఈ రెండు ధోరణులను ఒకచోటికి చేర్చినవాడు ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో. 1975 ఆరంభంలో ప్రమాదానికి గురై మంచం మీద ఉన్నప్పుడు, ఒక స్నేహితురాలు ఇచ్చిన హార్ప్ రికార్డును ఆయన పెట్టుకున్నాడు. ధ్వని చాలా తక్కువగా ఉంది. లేచి పెంచే ఓపిక లేదు. బయటి వాన చప్పుడులో కలిసి అక్కడక్కడ మాత్రమే వినిపించిన ఆ స్వరాలు తనకు వినడంలో కొత్త తీరును నేర్పాయని ఆయన చెప్పుకున్నాడు.

అదే ఏడాది వచ్చిన ‘డిస్క్రీట్ మ్యూజిక్’ మొదటి వైపు సుమారు 30 నిమిషాలు సాగుతుంది. అందులో ఉన్నవి వేర్వేరు నిడివి గల రెండు చిన్న స్వరవరుసలే. సింథసైజర్ వినిపించే స్వరాన్ని ఒక టేప్ రికార్డరు నమోదు చేస్తుంది. ఆ టేపు కొంత దూరం సాగి రెండవ యంత్రంలోకి వెళ్లి అక్కడ వినిపిస్తుంది. ఆ శబ్దం తిరిగి మొదటి యంత్రానికి చేరుతుంది. స్వరం తన ప్రతిధ్వని మీద తానే పొరలుగా పేరుకుంటుంది.

మన అంశానికి రెండవ వైపు మరింత ముఖ్యం. అందులో పాఖెల్‌బెల్ ‘కానన్’ నుంచి తీసుకున్న చిన్న ముక్కలను గావిన్ బ్రయర్స్ నిర్వహణలో ఒక వాద్యబృందం వాయించింది. ఒక రూపాంతరంలో ప్రతి వాద్యకారుడి వేగమూ క్రమంగా తగ్గుతుంది. వాద్యం స్థాయి ఎంత మంద్రమైతే నడక అంత నెమ్మది. మరొకదానిలో ఒక్కొక్కరి స్వరవరుస ఒక్కో నిడివిలో ఉండి, అసలు రచనలోని పొందిక విడిపోతుంది. అంటే, టాబ్లెట్ మీద మనం ఇవాళ చేసే పనిని 1975లోనే మనుషులు తమ చేతులతో చేసి చూపారు.

‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ తో పాటు 1978లో రాసిన వ్యాసంలో ఈనో ‘ఆంబియెంట్’ అన్న పేరును స్థిరపరిచాడు. శ్రద్ధగా వింటే ఆసక్తి కలిగించాలి, పట్టించుకోకపోయినా అడ్డు రాకూడదు అన్నది ఆ వ్యాసం సారం.

5.4 పద్ధతి వెనుక ఉన్న లెక్క

ఈ సంగీతం ఎందుకు విసుగు పుట్టించదు? కారణం సాధారణ గణితం. ఆదితాళంలోని 8 అక్షరాలపై మృదంగ విద్వాంసుడు 5 అక్షరాల జతిని మళ్లీ మళ్లీ వాయిస్తే, రెండూ 40 అక్షరాల తరువాతే తిరిగి సమంలో కలుస్తాయి. తాళం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు.

ఇప్పుడు నాలుగు స్వరాల మోటిఫ్‌ను మూడు వాద్యాలకు ఇద్దాం. నిమిషానికి 60 మాత్రల వేగంలో వయొలిన్లు 12, వయోలాలు 16, చెల్లోలు 20 మాత్రలకు ఒకసారి దాన్ని వినిపిస్తే, 240 మాత్రలకు, అంటే 4 నిమిషాలకు మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. ఆ నిడివులనే 13, 17, 19గా మారిస్తే 4,199 మాత్రలు పడుతుంది. ఇది 70 నిమిషాలకు ఒక్క సెకను తక్కువ. మోటిఫ్ మారలేదు, వాద్యాలు మారలేదు. ఉమ్మడి భాజకం లేని సంఖ్యలను ఎంచుకోవడమే తేడా. ఆ ఎంపిక యంత్రానిది కాదు, స్వరకర్తది.

5.5 ఆర్కెస్ట్రా తెర మీదికి వచ్చిన క్రమం

టేపు పద్ధతిని అందించింది. వాద్యాల శబ్దాన్ని అందించింది శాంప్లింగ్, అంటే అసలు వాద్యధ్వనిని నమోదు చేసి, ఒక మీట నొక్కితే వినిపించేలా చేయడం. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రం డిజిటల్ శాంప్లింగ్‌ను ప్రచారంలోకి తెచ్చింది. కాని దాని ధరను పెద్ద స్టూడియోలే భరించగలిగాయి. 1983లో వచ్చిన మిడి ప్రమాణం వేర్వేరు సంస్థల వాద్యయంత్రాలు పరస్పరం సంకేతాలు పంపుకునే వీలు కల్పించింది. తరువాతి దశాబ్దాలలో ఆర్కెస్ట్రా వాద్యకారులు ఒక్కొక్క స్వరాన్నీ మృదువుగా, బలంగా, మీటి, లాగి పలు తీరుల్లో వాయించగా నమోదు చేసిన భారీ ధ్వని సంపుటాలు తయారయ్యాయి.

ఐప్యాడ్ 2010 ఏప్రిల్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఆ ఏడాది చివర విడుదలైన గొరిల్లాజ్ బృందం ఆల్బం ‘ద ఫాల్’ ను డేమన్ ఆల్బర్న్ పర్యటనలో ఉంటూ ఎక్కువ భాగం ఐప్యాడ్ మీదే తయారు చేశాడు. 2011లో గరాజ్‌బ్యాండ్ ఐప్యాడ్ రూపం వచ్చింది. మరుసటి ఏడాది దానిలో తీగవాద్యాల సమూహం చేరింది. ఈనో కూడా పీటర్ చిల్వర్స్‌తో కలిసి ఫోను కోసం 2008లో ‘బ్లూమ్’, ఐప్యాడ్ కోసం 2012లో ‘స్కేప్’ యాప్‌లను రూపొందించాడు. బ్లూమ్‌లో తెరను తాకితే పుట్టిన స్వరం తిరిగి తిరిగి వస్తూ సన్నగిల్లుతుంది. 1975 నాటి రెండు టేపు యంత్రాలు చేసిన పని ఇప్పుడు అరచేతిలోకి వచ్చింది.

5.6 వాద్యకారుల ప్రశ్న

ఈ ప్రగతికి మరో పార్శ్వం ఉంది. 1982లో బ్రిటన్ సంగీతకారుల సంఘానికి చెందిన లండన్ శాఖ ఒకటి సింథసైజర్ల వాడకాన్ని నిషేధించాలని తీర్మానించింది. దీన్ని కొత్తదనం మీద ద్వేషంగా మాత్రమే చూడడం సరికాదు. అది జీవనోపాధి గురించిన భయం. తెలుగు సినిమా పాటలకు వాయించిన మద్రాసు స్టూడియోల వాద్యకారులకూ ఇదే అనుభవమైంది. 1980ల చివరి నుంచి కీబోర్డు, కంప్యూటర్ల వాడకం పెరిగేకొద్దీ పెద్ద వయొలిన్ బృందాలకు పిలుపులు తగ్గాయి.

టాబ్లెట్‌లోని వయొలిన్ ధ్వని ఒకప్పుడు ఒక మనిషి విల్లు లాగి వాయించినదే. కాబట్టి యంత్రం ఆర్కెస్ట్రాను సృష్టించలేదు. దాని శ్రమను నిల్వ చేసింది. ఒకసారి వాయించినవారికి ఒకసారి ముట్టిన కూలితో ఆ స్వరం లక్షల రచనల్లో పలుకుతూనే ఉంటే, అందులో వారి వాటా ఎంత అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

దీనికి విరుద్ధ దిశలో జరిగిన ప్రయోగం కూడా గమనించదగినది. 1998లో న్యూయార్క్‌కు చెందిన బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ బృందం ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ ను వాద్యాలకు అనువుగా మార్చి, స్వయంగా వాయించి విడుదల చేసింది. టేపు అలుపు లేకుండా తిప్పినదాన్ని మనుషులు ఊపిరి తీసుకుంటూ వాయించారు. టాబ్లెట్ మీద పని చేసే విద్యార్థికి ఇందులో ఒక పాఠం ఉంది. తెర మీది ఫ్లూట్ ఎంతసేపైనా ఆగకుండా పలుకుతుంది. నిజమైన ఫ్లూట్ పలకదు. ఊపిరికి చోటు వదిలిన రచనే ఆర్కెస్ట్రాలా వినిపిస్తుంది.

5.7 సారాంశం

సాటీ సంగీతాన్ని పరిసరంలో భాగం చేశాడు. రైలీ, రైక్ చిన్న పదాల పునరావృతిని రచనా పద్ధతిగా మలిచారు. ఈనో ఈ రెండింటినీ కలిపి పేరు పెట్టాడు. శాంప్లింగ్ వాద్యకారుల శ్రమను నిల్వ చేయగా, టాబ్లెట్ దాన్ని సామాన్యుడి చేతికి అందించింది. మోటిఫ్‌ను ఎంచుకోవడం, నిడివులను నిర్ణయించడం, ఎక్కడ మౌనం ఉండాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడం మాత్రం ఇప్పటికీ స్వరకర్త పనిగానే మిగిలి ఉన్నాయి.

5.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మోటిఫ్‌ను బీథోవెన్ వాడిన తీరుకు, పరిసర సంగీతంలో వాడే తీరుకు గల తేడా ఏమిటి?
2. 9, 12, 15 మాత్రల నిడివి గల మూడు ఆవర్తనాలు ఎన్ని మాత్రలకు తిరిగి కలుస్తాయి? ఆ వ్యవధిని పెంచడానికి మీరు ఏ సంఖ్యలను మారుస్తారు?

5.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ‘డిస్క్రీట్ మ్యూజిక్’ రెండు వైపులలో అనుసరించిన పద్ధతులను పోల్చి రాయండి.
2. టాబ్లెట్ సంగీత రచనను అందరికీ అందుబాటులోకి తెచ్చిందా, వాద్యకారుల స్థానాన్ని తగ్గించిందా? ఉదాహరణలతో చర్చించండి.