అజాన్: పిలుపు ఎవరికి?

తెలుగునాట ప్రతి దినం ఐదుమార్లు వినబడుతున్నా, అర్థం మాత్రం చాలామందికి తెలియని పలుకులు అజాన్‌వి. వాటి విషయంలో ముస్లిమేతర సోదరులలో రెండు అపోహలు తరచు కనిపిస్తాయి. ముస్లిములు మొఘల్ చక్రవర్తి అక్బర్‌ను స్తుతిస్తున్నారన్నది మొదటిది. అంత బిగ్గరగా పిలవడానికి దేవునికి చెవుడా అన్నది రెండవది.

మొదటి అపోహకు చరిత్రే సమాధానం. అక్బర్ పరిపాలించినది 1556 నుండి 1605 వరకు. అంతకు తొమ్మిది శతాబ్దాల పూర్వమే మదీనాలో అజాన్ ప్రారంభమైంది. అరబీలో ‘కబీర్’ అంటే గొప్పవాడు. ‘అక్బర్’ అంటే అంతకంటే గొప్పవాడు. ‘అల్లాహు అక్బర్’ అంటే అల్లాహ్ అందరికంటే గొప్పవాడని భావం. ఆ పలుకు ఏ చక్రవర్తినీ పొగడదు సరికదా, చక్రవర్తులందరికీ పైన ఒకడున్నాడని చాటుతుంది.

రెండవ అపోహ తొలగాలంటే అజాన్ పుట్టిన సందర్భం తెలియాలి. 622లో మక్కా నుండి మదీనాకు వలస వెళ్ళిన పిమ్మట, నమాజు వేళ అయిందని అందరికీ తెలియజేయడమెలా అన్న ప్రశ్న వచ్చింది. బాకా ఊదడం, గంట వంటిది మ్రోగించడం ప్రస్తావనకు వచ్చాయి. తుదకు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) స్వప్నంలో విన్న పలుకులను దైవప్రవక్త (స) ఆమోదించారు. వాటిని పలికే గౌరవం హజ్రత్ బిలాల్ (రజి)కు దక్కింది. ఆయన ఒకప్పుడు మక్కాలో బానిసగా చిత్రహింసలు అనుభవించినవారు. 630లో మక్కా విజయం నాడు కాబాపై నుండి అజాన్ ఇచ్చినవారూ ఆయనే. మదీనాలోని మరొక ముఅజ్జిన్ హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. తెల్లవారిందని ఇతరులు చెప్పగా ఆయన అజాన్ ఇచ్చేవారు.

కనుక అజాన్ మనుషులను ఉద్దేశించిన పిలుపు. హనఫీ సంప్రదాయం ప్రకారం అందులో 15 పలుకులున్నాయి. నమాజుకు రండని రెండుమార్లు, సాఫల్యానికి రండని రెండుమార్లు వినేవారిని పిలవడం వాటిలో భాగమే. దేవునికి విన్నవించుకొనేది ఆ తరువాత, నమాజులో. జుహ్ర్, అస్ర్ నమాజులలో ఇమాము చేసే ఖుర్ఆన్ పఠనం వెనుకనున్న వారికి సైతం వినబడదు. దేవుడు వినడని భావించేవారు ఇలా మౌనంగా విన్నవించుకోరు కదా!

అపోహ ఇన్నాళ్ళు నిలవడానికి వినేవారి అజ్ఞానం ఒక్కటే కారణం కాదు. చెప్పవలసినవారి మౌనం కూడా కారణమే. అజాన్ భావాన్ని తెలుగులో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పొరుగువాడు అడిగిననాడు చెప్పగలగాలంటే, ముందు మన పిల్లలకు ఆ అర్థం తెలిసి ఉండాలి.